ఐదో నెలలో యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే ఫిట్స్ మాత్రలు ఆపాలా?

చెల్లీ, ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా ఆపొద్దు. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు నీ ఫిట్స్ మాత్ర లెవిటిరాసెటమ్ పక్కన పెట్టమని మీ అత్తగారు అంటున్నారని రాశావు. ఆమె బిడ్డ మీద ప్రేమతోనే చెబుతున్నారు, కానీ మాత్ర మానేసి నువ్వు ఫిట్స్ వచ్చి పడిపోతేనే బిడ్డకు అసలు ప్రమాదం.

నాదీ చిత్తూరే. చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి, వాడేది కూడా నీ మందే. రెండో కాన్పుకి ఆరో నెలలో నాకూ ఇదే వచ్చింది. పొద్దున ఒంటేలుకి పోతే మంట, రాత్రికి చలి, వణుకు, 102 జ్వరం, రాగిజావ తాగినా నిలవకుండా వాంతులు. ఆ వణుకు చూసి ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనుకుని నోట్లో స్పూన్ పెట్టబోయారు. ఫిట్స్ వచ్చినా సరే నోట్లో ఏమీ పెట్టకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి అంతే. చలివణుకులో పిలిస్తే పలుకుతాం, అదే తేడా, ఇది మీ ఇంట్లోవాళ్లకి ముందే చెప్పిపెట్టు.

కడుపుతో ఉన్నప్పుడు కిడ్నీలు మందుని తొందరగా బయటికి పంపేస్తాయి కాబట్టి మామూలు డోసు వేసుకున్నా రక్తంలో మందు తగ్గిపోతుంది, దానికి తోడు జ్వరం, నిద్ర లేకపోవడం, వాంతిలో మాత్ర పోవడం కలిస్తే ఫిట్స్ రావడానికి ఇంకేం కావాలి? అందుకే జ్వరాన్ని నాన్చకు. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వద్దు. నాకు మాత్ర నిలవకపోతే ఆసుపత్రిలో అదే మందు సెలైన్‌లో ఎక్కించారు. నీకూ వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోకు.

ఇక యాంటీబయాటిక్. మెడికల్ షాపులో అడిగితే సిప్రోఫ్లాక్సాసిన్ చేతిలో పెట్టారు. అది ఫిట్స్‌ని రేపగల మందు, గర్భిణులకూ మామూలుగా రాయరు. నేను వేసుకోకుండా డాక్టర్‌కి చూపిస్తే, యూరిన్ కల్చర్‌కి (ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చూసే టెస్ట్) పంపి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాశారు. నీకు ఏది సరిపోతుందో నీ కల్చర్ రిపోర్టు చూసి వాళ్లే చెప్పాలి, నా మందు నువ్వు వేసుకోవద్దు. ఇది చదివే వాళ్లలో వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడేవాళ్లు ఉంటే, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రక్తంలో ఆ మందుని బాగా పడగొట్టేస్తుంది. కార్బమజపైన్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడేవాళ్లకి ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, ఆ ఫిట్స్ మందు రక్తంలో పెరిగిపోతుంది. కాబట్టి ఎవరు చీటీ రాస్తున్నా "నాకు ఫిట్స్ ఉన్నాయి, ఈ మాత్ర వాడుతున్నా" అని వాళ్లు అడగకముందే చెప్పు, స్ట్రిప్ చూపించు.

నువ్వు తిరుపతిలోనే ఉన్నావు, ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రి ఉంది, ఫిట్స్ చూసే న్యూరాలజీకి స్విమ్స్ ఆసుపత్రి ఉంది, ఇద్దరు డాక్టర్లకీ ఒకే ఫైల్ చూపించు. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, వెంటవెంటనే వచ్చినా 108కి చెయ్యండి. ఐదో నెల దాటాక ఫిట్స్ వస్తే పాత జబ్బే కదా అని ఊరుకోకుండా బీపీ కూడా చూడమనాలి, గుర్రపువాతం (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) కూడా అలాగే వస్తుంది. యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక యూరిన్ మళ్లీ టెస్ట్ చేయించు, మంట తగ్గినా లోపల ఇన్ఫెక్షన్ మిగిలి ఉండొచ్చు.