ఇంజన్ కంటే ముందు చాసిస్ చూడండి
(బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది 2013 మోడల్ టాటా 407 చిన్న లారీ, బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం) బండి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపలు, ఐసు వేసుకుని అనకాపల్లి, చోడవరం మార్కెట్లకు తిప్పుతున్నాం. ఆయిలు తాగుతోంది. పొద్దున్నే తెల్ల పొగ వస్తోంది. నెలకు మూడు రోజులు షెడ్డులోనే ఉంటోంది. ఆటోనగర్‌లో ఇంజన్ పనికి 1,45,000, కమాన్ కట్టలు (స్ప్రింగ్ పట్టీలు), బ్రేకులు, రెండు టైర్లకు ఇంకో 55,000 అవుతుందన్నారు. కొత్త బండికైతే 3 లక్షలు ముందు కట్టి, 48 నెలలు 24,500 చొప్పున కిస్తీ. డీజిలు, డ్రైవరు పోను రోజుకు 2,500 మిగులుతుంది. బాగుచేయించాలా, మార్చేయాలా?
– ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: మీరు రాసినదంతా ఇంజన్, బ్రేకులు, టైర్ల గురించే. బండి బరువంతా మోసే ఇనుప చట్రం, అంటే చాసిస్, దాని మాట ఒక్కటీ లేదు. మీ బండి విషయంలో తేల్చాల్సింది అదే. ఇంజన్ ఎంత అరిగినా మళ్ళీ కట్టుకోవచ్చు. ఉప్పు తినేసిన చాసిస్‌ని మాత్రం ఏ మేస్త్రీ వెనక్కి తేలేడు. విశాఖలో ఉప్పుగాలి ఎలాగూ ఉంది, దానికితోడు చేపల ఐసు కరిగిన నీళ్ళు పదేళ్ళకు పైగా బాడీ సందుల్లోంచి చాసిస్ మీద కారుతూనే ఉన్నాయి.

ఇంజన్ పనికి అడ్వాన్సు ఇవ్వకముందే ఒక రోజు బండి ఆపండి. కింద మొత్తం మంచినీళ్ళతో కడిగించి, గ్రీజు గీకించి, ఆరాక పిట్ మీద పెట్టించండి. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా జానెడుకో దెబ్బ కొట్టుకుంటూ వెళ్ళండి. ఖంగుమంటే రేకు గట్టిగా ఉన్నట్టు. దెబ్బ మొద్దుగా పలికి పొరలు రాలితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ముఖ్యంగా మూడు చోట్లు: వెనక కమాన్ కట్టల బ్రాకెట్లు రివెట్ చేసిన చోటు, బాడీ అడ్డచెక్కలు చాసిస్ మీద కూర్చునే చోటు, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి అతికిన చోటు. అడ్డచెక్క తడిని పీల్చి పట్టి ఉంచుతుంది, అందుకే దాని కిందే ముందు కుళ్ళుతుంది. రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బితే అవి విడిపోయి రివెట్లు వదులవుతాయి. అంచు పైకి లేచి, మధ్యలోకి స్క్రూడ్రైవర్ మొన దిగుతోందంటే అది పైపై తుప్పు కాదు.

చాసిస్ నంబర్ కొట్టిన చోటు కూడా శుభ్రం చేసి చదవండి. అంకెలు తుప్పు తినేస్తే ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) దగ్గర ఇబ్బంది తప్పదు. బండికి ఎనిమిదేళ్ళు దాటాయి కాబట్టి ఎఫ్‌సీ మీకు ఏటా ఉంటుంది.

క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డపట్టీ) ఒకటి పోతే మార్చవచ్చు. పొడవు మెంబర్ల (బండి పొడవునా సాగే రెండు ప్రధాన పట్టీల) పై అంచుకో కింద అంచుకో వెల్డింగ్ అతుకు వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. బరువంతా ఆ అంచుల మీదే లాగుతుంది. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఇనుము గుణం మారి, అతుకు నిలిచినా దాని పక్కనే పగులు వస్తుంది. పొడవు మెంబర్‌లో స్క్రూడ్రైవర్ దిగే చోటు ఒక్కటి దొరికినా ఆ బండి మీద ఇంజన్ డబ్బు పెట్టవద్దు.

చాసిస్ గట్టిగా ఉంటే అప్పుడు ఇంజన్. తెల్ల పొగ చల్లటి ఇంజన్‌లోనే వచ్చి వేడెక్కాక పోతే కంప్రెషన్ తగ్గి ఉండాలి, లేదా ఇంజెక్టర్లు సరిగా చల్లడం లేదు. వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ రేడియేటర్ నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. ఆయిలు కాలితే పొగ నీలంగా ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. గుప్పుగుప్పున ఆవిరి తంతుంటే గాలి పిస్టన్ రింగులు దాటి కిందికి దిగుతోందని అర్థం.

విప్పకముందే ఇంకో పరీక్ష అడగండి. ఒక్కో ఇంజెక్టర్ తీసి, ఆ పిస్టన్‌ని కంప్రెషన్ పై చివరకు తెచ్చి, బండి కదలకుండా గేరులో పెట్టి, ఆ రంధ్రంలోకి కంప్రెసర్ గాలి ఇవ్వాలి. బుస్సుమనే శబ్దం ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు, లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం). సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌లెట్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్ లేదా పగిలిన హెడ్డు. లోపం వాల్వులదే అయితే హెడ్డు పనితో పోతుంది, 1,45,000 అక్కర్లేదు.

రింగులే అని తేలితే ‘రింగులు మారిస్తే చాలు’ అనే చౌక పనికి దిగకండి. లైనర్‌ని పైన, మధ్యలో, కింద బోర్ గేజ్‌తో కొలవాలి. కోలగా అరిగిన లైనర్‌లో కొత్త రింగులు కూర్చోవు, కొన్ని నెలల్లోనే ఆయిలు మళ్ళీ మొదలవుతుంది. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు ఒకేసారి వేయించండి. క్రాంక్ గ్రైండ్ చేస్తే 0.25 మి.మీ.కా 0.50 మి.మీ.కా అన్నది బిల్లులో రాయించుకోండి, బేరింగులు ఆ సైజువే రావాలి. ఆయిల్ పంపు కూడా చూపించండి, పాత పంపుతో కొత్త బేరింగులు నిలవవు. మొదటి 1,000 కిలోమీటర్లు సగం లోడే వేయండి. ఆ తర్వాత ఆయిలు, ఫిల్టరు మార్చండి.

ఇక లెక్క. పని మొత్తం 2 లక్షలు. చాసిస్ బాగుండి బండి ఇంకో 30 నెలలు నడిస్తే నెలకు సుమారు 6,700 పడుతుంది. చిల్లర రిపేర్లకు 4,000, పని అయ్యాక కూడా నెలలో ఒక రోజు ఆగుతుందనుకుని 2,500 కలిపితే 13,200. కిస్తీలో సగానికి కాస్త ఎక్కువ, 3 లక్షలూ చేతిలోనే ఉంటాయి. బాగుచేయించండి. అదే చాసిస్ 12 నెలలకు మించి రాదనుకుంటే నెలకు 16,700 అవుతుంది, మిగతావి కలిపితే 23,200. దాదాపు కిస్తీ అంత కడుతూ, ఏడాది చివర్లో తుక్కు మిగుల్చుకుంటారు. అప్పుడు మార్చేయండి.

మార్చేటట్టయితే ఇంజన్ చేయించి అమ్ముదామనుకోవద్దు, పెట్టిన డబ్బు అమ్మకం ధరలో తిరిగిరాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. చాసిస్ పోయిన బండినైతే ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజులో అది పనికొస్తుంది. 2028లో మీ బండికి 15 ఏళ్ళు నిండుతాయి, బండి వయసుతోపాటు ఎఫ్‌సీ ఫీజు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఉంచుకున్నా, కొత్తది కొన్నా ఐసు నీళ్ళ దారి మార్చాలి. బాడీ నేల మీద రేకు పరిచి, ఒక మూలకు వాలు ఇచ్చి, అక్కడినుంచి రబ్బరు పైపుని చాసిస్ అంచు దాటి కిందకి దింపండి. రోజూ దించాక కింద మంచినీళ్ళు కొట్టండి. పాత ఇంజన్ ఆయిలు పూసే అలవాటుంటే బుష్‌లకు, బ్రేక్ హోస్‌లకు తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. చాసిస్ వెంట వెళ్ళే ఇనుప బ్రేక్ పైపులో గుంటలు కనిపిస్తే మధ్యలో అతకకుండా పైపు మొత్తం మార్చండి. చేపల బండికి ఈ పైపు తెగితే లోడుతో ఉన్న బండి ఆగడం కష్టం, దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: గాజువాకలోనే నీళ్ళ క్యాన్లు వేసే పాత మినీ ట్రక్కు మార్చాలనుకుంటున్నాను. బీఎస్-6 డీజిల్‌లో ఫిల్టర్ మూసుకుపోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ తిరుగుడికి నిజమే. పొగలోని మసిని పట్టే ఆ ఫిల్టర్‌లో పేరుకున్న మసి దానంతటదే కాలాలంటే ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి. వీధివీధికీ ఆగే బండిలో ఆ వేడి రాదు. డీజిలే కొంటే, వారానికోసారి సబ్బవరం వైపు హైవే మీద అరగంట ఆగకుండా తోలండి. మసి లైటు వెలిగాక కూడా వీధుల్లోనే తిప్పితే బండి పికప్ తగ్గించేసుకుంటుంది, తర్వాత షెడ్డులో కంప్యూటర్ పెట్టి కాల్పించాలి. రోజంతా కాలనీల్లోనే ఉండే మీ పనికి సీఎన్‌జీ నయం, దానికి ఈ మసి ఫిల్టర్ బెడద లేదు. కాకపోతే సిలిండర్ల బరువు పోను ఎన్ని క్యాన్లు వేయవచ్చో కొనేముందు లెక్కేసుకోండి. 20 లీటర్ల క్యాన్ నిండితే 20 కిలోల పైనే తూగుతుంది.