ఆర్‌ఎక్స్‌జావాతో రాసిన సెర్చ్ బాక్స్: నెట్ ఒక్కసారి పోతే సెర్చ్ మళ్లీ ఎందుకు పనిచేయడం లేదు?

మీరు చెప్పిన లక్షణాలు మూడు. చిత్తూరు, దామలచెరువు మార్కెట్ల మామిడి ధరలు చూపే ఆండ్రాయిడ్ యాప్‌లో రకం పేరు కొడుతుంటే పాత ఫలితాలు వచ్చి కొత్తవాటి మీద కూర్చుంటున్నాయి. తోటలో సిగ్నల్ ఒకసారి పోయి వచ్చాక, యాప్ మూసి తెరిచేదాకా సెర్చ్ కదలడం లేదు. అప్పుడప్పుడు అన్‌డెలివరబుల్ ఎక్సెప్షన్‌తో (తీసుకునేవాళ్లు లేని ఎర్రర్) క్రాష్ అవుతోంది. వాడుతున్నవి ఆర్‌ఎక్స్‌జావా 3 (వరసగా వచ్చే డేటాను గొలుసులా, అంటే చైన్‌గా నడిపే లైబ్రరీ), ఆర్‌ఎక్స్‌బైండింగ్ (తెర మీది బాక్సులు, బటన్లను ఆ చైన్‌కు కలిపేది), రెట్రోఫిట్ (సర్వర్‌ను అడిగేది). ఈ మూడు లక్షణాలకూ లైబ్రరీ మార్చాల్సిన పని లేదు. ఆపరేటర్లు (చైన్‌లో ఒక్కో పని చేసే మెట్లు) ఉండాల్సిన చోట లేవు, అంతే.

మొదటిది తేలిక. మీరు పెట్టిన ఫ్లాట్‌మ్యాప్ పాత రిక్వెస్టులను ఆపదు. ఏ జవాబు ముందొస్తే దాన్ని ముందు పంపేస్తుంది. పైగా 'తోతాపురి' చూడటానికి నాలుగక్షరాలే అయినా, ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కపడే యూనికోడ్‌లో త, ఓత్వం, త, దీర్ఘం, ప, కొమ్ము, ర, గుడి కలిపి 8. డిబౌన్స్ (టైపింగ్ కాసేపు ఆగాకే పదం పంపే ఆపరేటర్) లేకపోతే 8 రిక్వెస్టులు బయల్దేరతాయి. రెట్రోఫిట్ కింద పనిచేసే ఓకేహెచ్‌టీటీపీ ఒక హోస్టుకు (సర్వర్‌కు) ఒకేసారి 5 అసింక్ (జవాబు కోసం థ్రెడ్‌ను ఆపని) రిక్వెస్టులనే వదులుతుంది, మిగతా 3 క్యూలో నిలబడతాయి. రైతుకు కావాల్సిన ఆఖరిది ఆ క్యూ చివర్లో ఉంటుంది! ఫ్లాట్‌మ్యాప్ తీసేసి స్విచ్‌మ్యాప్ పెట్టండి. కొత్త పదం రాగానే అది పాతదాన్ని డిస్పోజ్ చేస్తుంది (వదిలేస్తుంది), రెట్రోఫిట్ ఆ కాల్‌ను రద్దు చేస్తుంది. డిబౌన్స్ 300 మిల్లీసెకన్లు అని అందరూ రాస్తారు. తెలుగు కీబోర్డులో గుణింతం వెతుక్కుంటూ కొట్టేవాళ్లకు అది చాలదు, 400 నుంచి 500 పెట్టండి.

కనీసం ఇన్ని అక్షరాలుంటేనే వెతకాలి అని ఫిల్టర్ పెట్టారు కదా, అక్కడ రెండు చిక్కులున్నాయి. పొడవు 2 అంటే తెలుగులో 'నీ' ఒక్కటే చాలు, సగం పట్టిక వచ్చేస్తుంది, 3 పెట్టండి. అంతకన్నా ముఖ్యం, ఫిల్టర్‌ను స్విచ్‌మ్యాప్‌కు ముందు పెట్టకండి. వాడేవాళ్లు పదం మొత్తం చెరిపేస్తే ఫిల్టర్ ఆ ఖాళీ పదాన్ని ఆపేస్తుంది, స్విచ్‌మ్యాప్‌కు కబురే అందదు. పాత రిక్వెస్టు నడుస్తూనే ఉండి, ఖాళీ బాక్స్ కింద ఫలితాలు పరుస్తుంది. పొడవు చూసే పని స్విచ్‌మ్యాప్ లోపలే చేసి, తక్కువైతే అబ్జర్వబుల్ జస్ట్‌తో (ఇచ్చిన విలువనే పంపేది) ఖాళీ జాబితా ఇవ్వండి.

ఇక అసలు సమస్య, రెండోది. ఆర్‌ఎక్స్‌లో ఆన్‌ఎర్రర్ (తప్పు జరిగిందనే కబురు) వచ్చిందంటే ఆ చైన్ ముగిసినట్టే, దాని తర్వాత ఇంకేమీ రాదు. స్విచ్‌మ్యాప్ లోపలి రిక్వెస్టు విఫలమైతే ఆ ఎర్రర్ బయటి చైన్‌కు పాకి, టెక్స్ట్ బాక్స్‌ను వినడమే ఆగిపోతుంది. నెట్ తిరిగొచ్చినా వినేవాళ్లు లేరు. మీరు చివర్లో ఆన్‌ఎర్రర్‌రిటర్న్ పెట్టినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే: అది ఒక బదులు విలువ ఇచ్చి, వెంటనే ఆన్‌కంప్లీట్ (ముగిసిందనే కబురు) పంపుతుంది. క్రాష్ ఆగుతుంది, సెర్చ్ మాత్రం లేవదు.

బయటి చైన్‌కు రీట్రై పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. రీట్రై అంటే మళ్లీ మొదటినుంచి సబ్‌స్క్రైబ్ కావడం (వినడం మొదలుపెట్టడం). ఆర్‌ఎక్స్‌బైండింగ్ టెక్స్ట్‌ఛేంజెస్ సబ్‌స్క్రైబ్ కాగానే బాక్సులో ఉన్న పదాన్ని పంపుతుంది. సిగ్నల్ లేకపోతే అది మళ్లీ విఫలమై, మళ్లీ సబ్‌స్క్రైబ్ అయి, డిబౌన్స్ గడువు దాటిన ప్రతిసారీ ఇదే తంతు. బ్యాటరీ కరిగిపోతుంది.

ఎర్రర్‌ను లోపలే పట్టుకోవాలి. స్విచ్‌మ్యాప్ లోపల వరస ఇలా: ఏపీఐ కాల్, రీట్రై, మ్యాప్‌తో 'దొరికింది' స్థితి, ఆన్‌ఎర్రర్‌రిటర్న్‌తో 'విఫలం' స్థితి, టుఅబ్జర్వబుల్, స్టార్ట్‌విత్‌ఐటమ్‌తో 'వెతుకుతోంది' స్థితి. ఈ స్థితులకు ఒక సీల్డ్ క్లాస్ (ముందే చెప్పిన రకాలే ఉండే క్లాస్) రాసుకోండి. రీట్రైకి 2 సార్లు చాలు, అదీ ఐఓఎక్సెప్షన్‌కు (నెట్ తెగడం లాంటి తప్పు) మాత్రమే. 404కు (అడిగింది సర్వర్‌లో లేదనే జవాబు) మళ్లీ అడిగి లాభం లేదు. ఇంకో సంగతి, ఓకేహెచ్‌టీటీపీలో కనెక్ట్, రీడ్, రైట్ గడువులు ఒక్కోటి 10 సెకన్లు, మొత్తం కాల్‌కు మాత్రం డిఫాల్ట్‌గా గడువే లేదు. ఒక్క గీత సిగ్నల్‌లో చుక్కచుక్కగా డేటా వస్తుంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాల్‌టైమౌట్ 8 సెకన్లు పెట్టండి.

'మళ్లీ ప్రయత్నించండి' బటన్ కూడా ఉందన్నారు. డిస్టింక్ట్‌అన్‌టిల్‌ఛేంజ్డ్ (ముందటి పదమే మళ్లీ వస్తే ఆపే ఆపరేటర్) ఉన్నచోట అదే పదాన్ని మళ్లీ పంపితే అక్కడే ఆగిపోతుంది. అందుకే బటన్ నొక్కులను దాని తర్వాతే కలపాలి: స్విచ్‌మ్యాప్ లోపల, నొక్కులను చైన్‌లోకి పంపే సబ్జెక్టుకు స్టార్ట్‌విత్‌ఐటమ్ తగిలించి, దాని మీద ఇంకో స్విచ్‌మ్యాప్‌లో రిక్వెస్టు.

థ్రెడ్ల విషయం క్లుప్తంగా. డిబౌన్స్‌కు షెడ్యూలర్ (ఏ థ్రెడ్‌లో నడవాలో చెప్పేది) ఇవ్వకపోతే కంప్యుటేషన్ థ్రెడ్‌కు మారుతుంది, మూడో ఆర్గ్యుమెంట్‌గా తెరను నడిపే మెయిన్‌థ్రెడ్ ఇవ్వండి. బయటి చైన్‌కు సబ్‌స్క్రైబ్‌ఆన్ ఐఓ పెడితే టెక్స్ట్ బాక్స్‌నే ఐఓ థ్రెడ్ నుంచి వినబోతుంది, ఆర్‌ఎక్స్‌బైండింగ్ ఒప్పుకోదు. రెట్రోఫిట్ ఆర్‌ఎక్స్‌జావా 3 అడాప్టర్ క్రియేట్‌తో తీసుకుంటే అసింక్‌గానే నడుస్తుంది, దానికి సబ్‌స్క్రైబ్‌ఆన్ తగిలించినా ఏ ప్రభావమూ ఉండదు. రాయాల్సింది చివర్లో అబ్జర్వ్‌ఆన్ మెయిన్‌థ్రెడ్.

క్రాష్ సంగతి. డిస్పోజ్ అయిపోయిన చైన్‌లో ఆలస్యంగా ఎర్రర్ పుడితే, తీసుకునేవాళ్లు లేక అది ఆర్‌ఎక్స్‌జావాప్లగిన్స్‌కు (అలాంటి ఎర్రర్లకు ఆఖరి మజిలీ) పోతుంది, అక్కడ హ్యాండ్లర్ లేకపోతే యాప్ పడిపోతుంది. మీరు ఎగ్జిక్యూట్‌ను (జవాబు వచ్చేదాకా థ్రెడ్‌ను ఆపే కాల్) ఫ్రమ్‌కాలబుల్‌లో చుట్టిన చోట ఇదే జరుగుతోంది: డిస్పోజ్ ఆ థ్రెడ్‌ను ఇంటరప్ట్ చేస్తుంది, బ్లాకై ఉన్న కాల్ ఐఓఎక్సెప్షన్ విసురుతుంది. అప్లికేషన్ క్లాస్ ఆన్‌క్రియేట్‌లో సెట్‌ఎర్రర్‌హ్యాండ్లర్ పెట్టి, లోపలి కాజ్ బయటికి తీయండి. అది ఐఓఎక్సెప్షన్, ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్ అయితే లాగ్ చేసి వదిలేయండి. నల్‌పాయింటర్ లాంటివైతే థ్రెడ్ అన్‌కాట్ హ్యాండ్లర్‌కే అప్పగించండి. ఖాళీ హ్యాండ్లర్ పెట్టి అన్నీ మింగేస్తే నిజమైన బగ్గులు కనపడకుండా పోతాయి, దయచేసి అలా చేయకండి.

స్విచ్‌మ్యాప్ నచ్చింది కదా అని, రైతు తన ధర పంపే బటన్‌కు కూడా అదే పెట్టకండి. రెండోసారి నొక్కితే మొదటి పోస్ట్ రద్దవుతుంది, అది సర్వర్‌కు చేరిందో లేదో ఫోన్‌కు తెలియదు. అక్కడ టుఫ్లోవబుల్ డ్రాప్ (తీసుకునేవాళ్లు ఖాళీగా లేనప్పుడు వచ్చినవి వదిలేసేది), వెంటనే మ్యాక్స్‌కంకరెన్సీ 1తో (ఒకేసారి ఒక్కటే) ఫ్లాట్‌మ్యాప్. మొదటిది పూర్తయ్యేదాకా వచ్చిన నొక్కులు రాలిపోతాయి. ఈ రెంటి మధ్య అబ్జర్వ్‌ఆన్ పెడితే అది 128 దాకా ముందే లాగి దాచుకుంటుంది, పని చెడుతుంది.

ఫ్రాగ్మెంట్‌లో (తెరలో ఒక భాగం) ఆన్‌వ్యూక్రియేటెడ్‌లో సబ్‌స్క్రైబ్ అయి, ఆన్‌డిస్ట్రాయ్‌వ్యూలో కాంపోజిట్‌డిస్పోజబుల్‌ను (సబ్‌స్క్రిప్షన్లు దాచే సంచి) క్లియర్ చేయండి, డిస్పోజ్ కాదు. డిస్పోజ్ చేస్తే, బ్యాక్ నొక్కి తిరిగొచ్చినప్పుడు కొత్తగా చేర్చినవి చేర్చగానే చచ్చిపోతాయి.

సరిచేశాక పరీక్షకు తోటలోకి పోనక్కర్లేదు. మాక్‌వెబ్‌సర్వర్‌లో (పరీక్షకు వాడే ఉత్తుత్తి సర్వర్) 'నీల'కు జవాబు 3 సెకన్లు ఆలస్యం, 'నీలం'కు వెంటనే వచ్చేలా పెట్టండి. తెర మీద 'నీలం' ఫలితమే నిలవాలి. తర్వాత అసలు సర్వర్‌కే మార్చి, ఏరోప్లేన్ మోడ్ వేసి 'బేనీషా' కొట్టండి, విఫలం అని రావాలి. మోడ్ తీసి నెట్ వచ్చాక, బాక్సులో పదం మార్చకుండా బటన్ నొక్కండి. అప్పుడు ఫలితం రాకపోతే మీ స్విచ్‌మ్యాప్ లోపలి భాగాన్ని ఇక్కడ పెట్టండి, చూస్తాను.