ముందు వాడు ఎవరికి బాకీ ఉన్నాడో కనుక్కోండి

కాజీపేట నుంచి ఒక తల్లి రాశారు. పదహారేళ్ల కొడుకు గంజాయి పొట్లాలు అమ్ముతూ దొరికాడు, తనూ రోజూ తాగేవాడట. పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిల్ ఇచ్చింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నిద్రపోడు, తినడు, ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు, ఏమన్నా అడిగితే గిన్నెలు విసిరేస్తాడు, బీరువాలో పైసలు పోతున్నాయి. వాళ్ల నాయన బెల్టు తీస్తున్నాడు. హైదరాబాద్‌లో హాస్టల్లో వేస్తే బాగుపడతాడా అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఆ బెల్టు ఆపించండి. మీ ఆయన నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నాడు, ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఇంట్లో దెబ్బలు తిన్న పోరడు తిరిగి వెళ్లేది చేతిలో పైసలు పెట్టి భుజం తట్టిన ఆ గుంపు దగ్గరికే.

రోజూ గంజాయి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, చిన్న మాటకే కోపం వస్తుంది. మొదటి వారం ఎక్కువగా ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. వాడు రానంటే మీరే 14446కి ఫోన్ చేసి మాట్లాడండి, మత్తు మానిపించడానికి పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది.

కానీ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడన్నారు చూడండి, నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే. ఇలాంటి పిల్లలకు సరుకు అప్పు మీద ఇచ్చేవాళ్లు ఉంటారు, అది పోలీసుల చేతికి పోతే ఆ బాకీ పిల్లాడి నెత్తిన పడుతుంది. బీరువాలో పైసలు అందుకే పోతున్నాయేమో. ఇంట్లో మీరూ వాడూ ఇద్దరే ఉన్నప్పుడు "ఎవరికన్నా పైసలు బాకీ ఉన్నావా బిడ్డా, ఎవరన్నా బెదిరిస్తున్నరా" అని అడగండి. వెంటనే చెప్పడు, తిట్టకుండా ఇంకోరోజు మళ్లీ అడగండి. చెప్తే మాత్రం ఆ బాకీ మీరు కట్టొద్దు, ఒకసారి కడితే వాళ్లు మళ్లీ వస్తారు. మీ వకీలుకు, ప్రొబేషన్ ఆఫీసరుకు చెప్పండి. పిల్లలతో మత్తుమందు అమ్మించినవాళ్లకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

హాస్టల్ ఇప్పుడే వద్దు. వాయిదాలున్నాయి, పైగా ఈ భయంతో ఒంటరిగా పోతే వాడిని కనిపెట్టుకుని ఉండేవాళ్లే ఉండరు. ఈ కేసుతో జీవితం అయిపోయిందని మాత్రం ఇంట్లో ఎవరూ అనకండి. వాడు తప్పు చేశాడని బోర్డు తేల్చినా, అది చదువుకు, ఉద్యోగానికి అడ్డు కాకూడదని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది, ఈ సంగతి వాడికి వకీలుతోనే చెప్పించండి, మీరు చెప్తే ఓదార్పు అనుకుంటాడు.

వచ్చే వాయిదాకు మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. తల్లిదండ్రులకు కూడా కౌన్సెలింగ్ ఇప్పించే వీలు బోర్డుకు ఉంది, మీ అంతట మీరే అడగండి.