పేరు నలుగురిదీ, బాణీ మీది

ప్రశ్న: మాది అనంతపురం. చదువు కోసం బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. 2009లో నలుగురు స్నేహితులం కలిసి స్కా అనే జమైకా సంగీత శైలిలో ఒక బ్యాండ్ పెట్టాం. నేను కీబోర్డ్, ట్రాంబోన్ అనే ఊదే వాయిద్యం వాయించేవాణ్ణి. బ్యాండ్‌కు పేరు పెట్టింది నేనే. మా ఏడు సొంత పాటల్లో ఐదింటికి బాణీలు నావి, మాటలు మా సింగర్‌వి. ఇందిరానగర్, కోరమంగళ పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో వాయించి, వచ్చిన డబ్బు సమానంగా పంచుకునేవాళ్లం. 2012లో నలుగురం డబ్బులేసుకుని పాటలు రికార్డ్ చేశాం. 2015లో నాన్నకు పక్షవాతం వస్తే ఊరెళ్లిపోయాను. కొన్ని నెలలకు బ్యాండ్ ఆగిపోయింది. ఇప్పుడు ఆ ముగ్గురూ నా స్థానంలో ఇంకొకరిని పెట్టుకుని, అదే పేరుతో ‘రీయూనియన్ షో’ ప్రకటించారు. ఇంకా ఆరు వారాలుంది. పోస్టర్ మీద పాత ఫొటోలో నన్ను కత్తిరించేశారు. డ్రమ్మర్ ఆ పేరుకు తన ఒక్కడి పేరు మీద ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా పెట్టాడు. మా మధ్య రాతకోతలేమీ లేవు. షో ఆపించవచ్చా? నా పాటలు నన్ను అడక్కుండా వాయించవచ్చా?

జవాబు: ఫొటోలో మిమ్మల్ని కత్తిరించారన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. తండ్రి మంచం పడితే ఊరెళ్లిన మనిషిని ఆ ఫొటోలోంచి తీసేయడం తప్పు. మీ కోపం న్యాయమైనదే. అయితే కోర్టు మీ కోపాన్ని కాదు, హక్కుల్ని చూస్తుంది కాబట్టి వాటి సంగతి చెబుతాను. షో మొత్తాన్ని ఆపించడం కష్టం. మీ ఐదు బాణీలు మిమ్మల్ని అడక్కుండా వాయించడం మాత్రం కుదరదు. ఇక పేరు డ్రమ్మర్ ఒక్కడి సొత్తు కాదు. మీరు పెట్టినంత మాత్రాన మీ ఒక్కరిదీ కాదు.

మీ సంగీతంలోనే ఇలాంటి గొడవ చాలా పెద్ద స్థాయిలో జరిగింది. జమైకాలో పుట్టిన స్కాను 1979లో ఇంగ్లండ్‌లో మళ్లీ ఊపులోకి తెచ్చినవాళ్లలో కోవెంట్రీకి చెందిన ‘ది స్పెషల్స్’ ముఖ్యులు. ఆ బ్యాండ్ స్థాపకుడు, ముఖ్య రచయిత జెర్రీ డామర్స్. ఆయనదీ మీలాగే కీబోర్డే. 2009లో ముప్ఫై ఏళ్ల సందర్భమని మిగతావాళ్లు ఆయన లేకుండానే అదే పేరుతో టూర్ చేశారు. తనను బయటికి నెట్టేశారని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. ‘ది బీట్’ అనే ఇంకో బ్యాండ్ అయితే రెండుగా చీలి, ఒక పాత సభ్యుడు ఇంగ్లండ్‌లో, మరొకరు అమెరికాలో ఎవరి బృందాన్ని వాళ్లు నడుపుకున్నారు.

మన చట్టం దగ్గరికి వద్దాం. నలుగురు కలిసి ఒక పని చేస్తూ లాభం పంచుకుంటుంటే, కాగితం లేకపోయినా, 1932 నాటి భాగస్వామ్య చట్టం దాన్ని భాగస్వామ్య సంస్థగానే చూస్తుంది. మీ బ్యాండ్ అలాంటిదే. పేరు, ఆ పేరుకు జనంలో ఉన్న గుర్తింపు ఆ సంస్థ ఆస్తి. 2003లో ఇంగ్లండ్ హైకోర్టు ‘సాక్సన్’ అనే హెవీ మెటల్ బ్యాండ్ కేసులో ఇదే చెప్పింది. ఇద్దరు మాజీ సభ్యులు పేరును తమ మీద రిజిస్టర్ చేయించుకుంటే, అది అప్పటి భాగస్వాములందరి సంస్థదే తప్ప ఏ ఒక్కరిదీ కాదంటూ తప్పుపట్టింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు కానీ, వాదనలో చూపించడానికి బాగా పనికొస్తుంది. అక్కడ అవతలి పక్షాన ఉన్న గాయకుడు ఏళ్ల తరబడి ఆపకుండా అదే పేరుతో పాడుతూ వచ్చాడు. మీ డ్రమ్మర్‌కు ఆ బలం లేదు, ఎందుకంటే మీరు చెప్పినదాన్ని బట్టి బ్యాండ్ ఆగిపోయాక ఆ పేరుతో ఎవరూ వాయించలేదు.

‘నువ్వే వదిలేసి వెళ్లావు’ అని వాళ్లు అనొచ్చు. మీ బ్యాండ్‌లాగా గడువు, ఒప్పందం లేని భాగస్వామ్యం నుంచి తప్పుకోవాలంటే మిగతావాళ్లు ఒప్పుకోవాలి, లేదా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తండ్రికి సేవ చేయడానికి ఊరెళ్లడం రాజీనామా కాదు. కాబట్టి అప్పట్లో ‘ఇక నావల్ల కాదు, మీరు కానివ్వండి’ అని మెయిల్ గానీ మెసేజ్ గానీ పెట్టారేమో ముందు వెతుక్కోండి. పెట్టి ఉంటే దాచకుండా మీ లాయరుకు చెప్పండి.

బ్యాండ్ అప్పుడే రద్దయిందని వాళ్లంటే అదే భాగస్వామ్య చట్టంలో 53వ సెక్షన్ ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. వేరే ఒప్పందం లేనప్పుడు, సంస్థ రద్దయ్యాక లెక్కలు పూర్తిగా తేలేదాకా, పాత పేరుతో అదే వ్యాపారం చేయకుండా ఏ భాగస్వామి అయినా మిగతావాళ్లను అడ్డుకోమని కోరవచ్చు. అసలు రద్దే కాలేదంటే మీరింకా భాగస్వామే. రిజిస్టర్ కాని సంస్థ కాబట్టి 69వ సెక్షన్ మీ దావాలను చాలావరకు అడ్డుకుంటుంది, కానీ రద్దు కోసం, లెక్కల కోసం వేసే దావాకు ఆ అడ్డు లేదు. ఒక్క ఇబ్బంది ఉంది. 2015లోనే రద్దయిందని తేలితే పాత షోల లెక్కలు అడిగే మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు గురించి టెన్షన్ పడకండి, అలాగని వదిలేయకండి. బెంగళూరు దరఖాస్తులు చెన్నై గిండీలోని రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. స్థితి ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. అది రిజిస్ట్రీ వెలువరించే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురితమైన రోజు నుంచి 4 నెలల్లోపు టీఎం-ఓ ఫారంతో అభ్యంతరం దాఖలు చేయాలి. ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (సరుకులు, సేవల విభాగం) రుసుము 2,700 రూపాయలు. వినోద సేవలు 41వ తరగతిలోకి వస్తాయి. ఈ గడువు పెంచరు, కాబట్టి వారానికోసారి చూస్తూ ఉండండి.

ఇక పాటలు. మీ అసలు బలం ఇక్కడే ఉంది. రాతకోతలు లేవని బాధపడ్డారు కదా, పేరు విషయంలో అది ఇబ్బందే, పాటల విషయంలో అదే మీకు రక్ష. కాపీరైట్ చట్టంలో బాణీ వేరు, మాటలు వేరు. బాణీ కట్టినవారే దానికి మొదటి హక్కుదారు, ఆ హక్కు ఇంకొకరికి వెళ్లాలంటే రాతపూర్వకంగా రాసివ్వాలి. మీరేమీ రాసివ్వలేదు, కాబట్టి అది మీ దగ్గరే ఉంది. జనం ముందు వాయించే హక్కు కూడా అందులో భాగమే. 2017లో ఇళయరాజా గారు తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి నోటీసు పంపినప్పుడు తెలుగువాళ్లంతా నొచ్చుకున్నాం. స్నేహం సంగతి పక్కనపెడితే, అడిగింది ఇదే హక్కు.

అయితే మీ ఐదు బాణీల్లో ఏది నిజంగా మీదో నిజాయితీగా తేల్చుకోండి. స్కాలో గిటార్ కొట్టే ఆ ఎదురు దెబ్బ, ఆఫ్‌బీట్, ఎవరి సొత్తూ కాదు. అది జమైకా నుంచి అందరికీ వచ్చింది. పాడే వరస, ట్రాంబోన్ మీద మీరు కట్టిన బిట్లు మీవి. రిహార్సల్లో నలుగురూ కూర్చుని, ఎవరిదేదో విడదీయలేనట్టు కట్టింది ఉంటే అది ఉమ్మడి రచన. దాన్ని మీ ఒక్కరిదే అనకండి, కోర్టులో ఆ ఒక్క మాట నిజం కాదని తేలితే మిగతా నాలుగు పాటల మీదా అనుమానం పడుతుంది. అప్పటి ఫోన్ రికార్డింగులు, మెయిల్‌లో పంపుకున్న డెమోలు, తేదీలున్న ఫైళ్లు ఈ రోజే రెండు చోట్ల భద్రం చేసుకోండి.

ఇంకో సంగతి, స్వరకర్తలు, గీత రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ సొసైటీలో మీరు సభ్యులా? అయితే బహిరంగ ప్రదర్శన హక్కు ఆ సొసైటీకి రాసిచ్చేసి ఉంటారు. నిర్వాహకులు అక్కడ లైసెన్స్ తీసుకుంటే మీకు రాయల్టీ వస్తుంది గానీ, మీరు ఆపలేరు. సభ్యులు కాకపోతే అనుమతి మీ చేతిలోనే ఉంది. రెండు సందర్భాల్లోనూ స్వరకర్తగా మీ పేరు చెప్పమని అడిగే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద మీది. నలుగురి ఖర్చుతో చేసిన రికార్డింగ్ మీద కూడా నలుగురికీ వాటా ఉంది. ఆన్‌లైన్‌లో దాని మీద వస్తున్న డబ్బుకు లెక్క అడగండి, గత మూడేళ్లది ధైర్యంగా అడగవచ్చు.

ఈ ఆరు వారాల్లో మొదటి వారంలోనే నోటీసు వెళ్లాలి. పోస్టర్ చూసి ఊరుకుని, షోకి రెండు రోజుల ముందు ఇంజంక్షన్, అంటే షో ఆపమనే కోర్టు ఉత్తర్వు, అడిగితే జడ్జి అడిగే మొదటి ప్రశ్న ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అనే. టికెట్లు అమ్ముడైపోయాక డబ్బుతో సరిపెట్టగల నష్టమే కదా అంటారు. నోటీసు ఆ ముగ్గురికే పంపండి. పబ్ యజమానికి మీరే ఫోన్ చేసి కేసు పెడతానని బెదిరించకండి, ఆధారం లేని బెదిరింపు మీద ఎదురు దావా వేసే వీలు కాపీరైట్ చట్టంలోనే 60వ సెక్షన్‌లో ఉంది. విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య వివాదమైతే, తక్షణ ఉత్తర్వు అవసరం లేనప్పుడు దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. నా అనుభవంలో ఇలాంటి గొడవలు తేలేదీ అక్కడే.

నోటీసులో నేనైతే నాలుగు కోరికలు రాస్తాను. ట్రేడ్‌మార్క్ దరఖాస్తును వెనక్కి తీసుకోవడం లేదా నలుగురి పేరుకూ మార్చడం, మీ బాణీలు వాయించే ప్రతి షోకి ఇంత అని రుసుము, పోస్టర్ మీదా వేదిక మీదా స్వరకర్తగా మీ పేరు, కత్తిరించిన ఫొటో తీసేసి నలుగురూ ఉన్న ఫొటో పెట్టడం. నాలుగోదాని గురించి చట్టంలో గట్టి ఆధారం చూపించలేను. అయినా రాస్తాను. అవతల ఉన్నది ఒకప్పుడు మీతో ఒకే వ్యానులో తిరిగినవాళ్లు కాబట్టి, ముగ్గురిలో ఒక్కరైనా ఆ వాక్యం దగ్గర ఆగి మీకు ఫోన్ చేయవచ్చు. చేస్తే మాట్లాడండి, కానీ ఒప్పుకున్నది ఈసారి కాగితం మీద పెట్టి నలుగురూ సంతకం చేయండి.