పెళ్లి మాటెత్తితే కంచం ముందునుంచి లేచే కొడుకుతో ఎట్లా మాట్లాడాలి

చెల్లీ,

బెంగళూరు నుంచి అనంతపురం వచ్చినప్పుడల్లా పెళ్లి ఊసెత్తగానే అబ్బాయి కంచం ముందునుంచి లేచిపోతున్నాడని, ముప్పై రెండు దాటాయని, నీకు నిద్ర పట్టట్లేదని రాశావు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చిన పిల్లోడికి అన్నం వడ్డిస్తూనే ఫలానా వాళ్ల అమ్మాయి అని మొదలుపెడితే ఎవడైనా లేస్తాడు. వచ్చిన పూట ఉగ్గాని బజ్జీ పెట్టి, ఊరి సంగతులు చెప్పు, అంతే.

ఎప్పుడు చేసుకుంటావ్ అంటే 'చూద్దాంలే' తప్ప వేరే జవాబు రాదు. దేనికి వెనకాడుతున్నావ్ నాయనా అని అడుగు. అడిగి ఊరుకో, జవాబు నువ్వే అందించకు.

నేను చూసినంతలో ఉద్యోగాలున్న పిల్లోళ్లు ముఖం చాటేసేది ఎక్కువగా డబ్బు దగ్గరే, కానీ నోరు విప్పి చెప్పరు. చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు, ఫ్లాట్ ఈఎంఐ, వేరుశెనగ పంట దెబ్బతిన్న ఏడు నాన్న చేసిన బాకీ, ఇవన్నీ నెత్తిన పెట్టుకుని ఇంకొకరిని ఇంటికి తెచ్చి ఎట్లా నెట్టుకొచ్చేదని లోపల లెక్కలేసుకుంటుంటారు. నువ్వూ మరిదీ కూర్చుని, ఏ అప్పు ఎవరు తీరుస్తారో వాడికి కాగితం మీద రాసి చూపించండి. కొత్త సంబంధాలు వెతకడం తర్వాత.

మనసులో ఎవరైనా ఉన్నారేమో కూడా. కులం వేరైతే చెప్పడానికి జంకుతాడు. పేరు చెప్తే ఏం చేస్తారో మీరిద్దరూ ముందే అనుకోండి, అడిగి చెప్పించుకుని ఆ తర్వాత ఏడుపు మొదలుపెడితే ఇక జన్మలో నీకు ఏ మాటా చెప్పడు. అసలు పెళ్లే వద్దనొచ్చు, అదీ వినాలి.

తిండి మానేస్తా, చచ్చిపోతా అనే బెదిరింపులు మాత్రం వద్దు. బలవంతాన ఒప్పించి చేసిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకెళ్లే వీలు 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. కోర్టు దాకా పోకపోయినా, ఇష్టం లేనివాడి ఇంటికొచ్చిన ఆ ఆడపిల్ల గతేం కావాలి? ఆషాఢం వస్తోంది, మూఢం వస్తోంది అని చుట్టాలు తొందరపెడితే పెట్టనీ, ముహూర్తాలు ప్రతి ఏడూ ఉంటాయి.

వాడికి తెలీకుండా బయోడేటా, ఫొటో ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఫోన్ చేసి ఆపమను, ఆపించానని వాడికీ చెప్పు. గుంతకల్లు వాళ్లకైతే రేపే చెప్పు, పాపం పెళ్లిచూపులకు రోజు చూసుకుంటున్నారన్నావ్ కదా.

ఇట్లు,
అక్క