ప్రశ్న–జవాబు: చలికీ సముద్రానికీ ఎదురు నిలిచిన మనుషుల కథలు

ప్రశ్న: అమెరికన్ రచయిత జాక్ లండన్ రాసిన "టు బిల్డ్ ఎ ఫైర్" కథ మా అమ్మాయికి కళాశాలలో పాఠంగా ఉంది. దానితో పాటు నేనూ చదివాను. ఆ రచయితే అదే పేరుతో అంతకుముందు రాసిన కథలో మనిషి బతికి బయటపడతాడని, తరవాతి కథలో మాత్రం చనిపోతాడని వాళ్ల అధ్యాపకురాలు చెప్పారట. ఒకసారి బతికించిన మనిషిని మళ్లీ ఎందుకు చంపాలి? ఇటువంటి కథలు పిల్లలకు నిరాశను నేర్పవా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అధ్యాపకురాలు చెప్పింది నిజం. మొదటి కథ 1902లో "యూత్స్ కంపానియన్" అనే బాలల పత్రికలో వచ్చింది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో కనిపించేది 1908 ఆగస్టులో "సెంచురీ" మాసపత్రికలో అచ్చయిన కథ. మొదటి దానిలో మనిషికి టామ్ విన్సెంట్ అని పేరుంది. అతను కాళ్లు తడుపుకొని, మొదటి మంట ఆరిపోయాక, చేతులు కాల్చుకొని మరీ ఇంకో మంట రాజేసుకొని బతుకుతాడు. ఒంటరిగా ప్రయాణం చేయరాదన్న నీతిని చివర్లో రచయిత అతని నోటనే చెప్పించాడు. పిల్లల పత్రికకు తగిన కథే అది. అయితే దానిని చదివి పక్కన పెట్టాక నీతి గుర్తున్నంతగా చలి గుర్తుండదు.

1908 కథలో మనిషికి పేరు లేదు, వెంట ఒక కుక్క ఉంది. కెనడా వాయవ్య మూలన యూకన్ నదీప్రాంతంలో, ఫారన్‌హీట్ మానంలో సున్నాకు 75 డిగ్రీల దిగువన, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 59 సెల్సియస్ చలిలో, హెండర్సన్ వాగు దగ్గరున్న సహచరుల బసకు సాయంత్రం ఆరు గంటలకల్లా చేరాలని అతను బయలుదేరతాడు. మైనస్ 50 ఫారన్‌హీట్ దాటిన చలిలో ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదని సల్ఫర్ క్రీక్‌లోని పాతకాపు ఒకాయన అతనికి ముందే చెప్పి ఉన్నాడు. ఇతను సోమరి కాడు, చురుకైనవాడే. ఉమ్మిన ఉమ్మి నేలను తాకకముందే గాలిలో చిటపటమన్నప్పుడు, చలి 50ని దాటిపోయిందని గ్రహించేంత తెలివీ ఉంది. ఆ అంకె తన వేళ్ల గురించీ, తన ప్రాణం గురించీ ఏదో చెబుతున్నదన్న ఊహ మాత్రం అతనికి రాదు. కథకుడు మొదట్లోనే ఎత్తి చూపే లోపం అదొక్కటే.

ఆ తరవాత జరిగేదంతా చేతిపని గురించిన కథ. మంచుపొర కింద దాగిన ఊటనీటిలో కాలు పడి మోకాలికి సగం దాకా తడుస్తుంది. ఆ చలిలో తడిసిన కాళ్లను వెంటనే ఆరబెట్టుకోకపోతే అవి పనికిరావు. అతను మంట రాజేస్తాడు, అదీ చక్కగా, తొందరపడకుండా రాజేస్తాడు. కాని పుల్లలు సులభంగా అందుతాయని స్ప్రూస్ చెట్టు కిందనే రాజేస్తాడు. పుల్ల లాగిన ప్రతిసారీ చెట్టు కొద్దిగా కదులుతుంది, పైకొమ్మ మీద పేరుకున్న మంచు కింది కొమ్మ మీద పడుతుంది, అది ఇంకో కొమ్మ మీద పడుతుంది, చివరకు అంతా కలిసి మంట మీద కూలుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచే చోటు ఇదే. అక్కడ దురదృష్టం లేదు, విధి లేదు, బరువు మోస్తున్న కొమ్మలున్నాయి, కొంచెం కొంచెంగా వాటిని కదిపిన చెయ్యి ఉంది. తరవాత వేళ్లు మొద్దుబారి అగ్గిపుల్లను పట్టుకోలేక, పళ్లతో పట్టుకొని గీస్తే పొగ ముక్కులోకి పోయి అదీ ఆరిపోయి, ఆఖరికి ఉన్న 70 పుల్లలనూ రెండు అరచేతుల మధ్య ఒక్కసారే వెలిగించినప్పుడు, కాలుతున్నది తన చర్మమేనని అతనికి మొదట వాసన వల్లనే తెలుస్తుంది. తీవ్రమైన చలిలో శరీరం గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలను బిగిస్తుంది, అందుచేత ప్రాణం నిలవాలంటే ఏ వేళ్లు కావాలో ముందుగా అవే పనికిరాకుండా పోతాయి. లండన్ ఈ సంగతిని వైద్యుడిలా చెప్పలేదు. రక్తం కూడా కుక్కలాగే ప్రాణమున్నదని, చలికి భయపడి లోపల దాక్కోవాలని చూస్తుందని రాశాడు.

ఇన్ని అడుగులు ఇంత నిక్కచ్చిగా వేసుకుంటూ వచ్చాక ఆ మనిషిని బతికించి ఉంటే, రచయిత తన కళ్లతో చూసిన చలికి ద్రోహం చేసినట్టయ్యేది. లండన్ 1897లో, 21 ఏళ్ల వయసులో, బంగారం కోసం అదే యూకన్ ప్రాంతంలోని క్లాండైక్‌కు వెళ్లి ఆ శీతాకాలమంతా అక్కడే గడిపి, సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధితో తిరిగి వచ్చాడు.

ఇక నిరాశ మాట. ఆ రోజున ఆ ప్రాంతంలో అందరూ చనిపోలేదు. సహచరులు బసలో మంట దగ్గర ఉన్నారు, కుక్క వాళ్లను వెతుక్కుంటూ వెళ్లిపోయింది, ముసలాయన మాట అక్షరాలా నిజమైంది. అంటే బతకడానికి కావలసిన తెలివిడి అక్కడ ఉంది, ఇతను దానిని వినలేదు. ఈ కథపై నాకున్న అసంతృప్తి కూడా ఇక్కడిదే. యూకన్ తీరంలో హాన్ అనే ఆదివాసులు తరతరాలుగా బతుకుతున్నారు, వాళ్లకు ఆ నేల సొంత ఇల్లు. ఆ సంగతికి కథలో చోటు దక్కలేదు. మీ అమ్మాయితో ఈ విషయం కూడా మాట్లాడండి.

ప్రశ్న: ఇటువంటి కథలు స్వయంగా అనుభవించినవారే రాయగలరా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అనుభవం ఉంటే మేలే, కాని అదొక్కటే చాలదు. అమెరికన్ రచయిత స్టీఫెన్ క్రేన్‌ను చూడండి. క్యూబా తిరుగుబాటుదారులకు ఆయుధాలు తీసుకుపోతున్న "కమోడోర్" అనే ఓడ 1897 జనవరి 2న ఫ్లోరిడా తీరానికి దూరంగా మునిగిపోయింది. దానిలో విలేకరిగా ఉన్న క్రేన్, ఓడ కెప్టెనూ వంటవాడూ ఇంజనుకు నూనె పెట్టే పనివాడూ కలిసి పదడుగుల చిన్న పడవలో దాదాపు 30 గంటలు అలల మీద గడిపారు. కొద్ది రోజుల్లోనే క్రేన్ పత్రికకు వార్తాకథనం రాశాడు. దానిలో ఓడ మునిగిన తీరంతా ఉంది, పడవలో గడిపిన గంటలను మాత్రం ఇప్పుడు చెప్పనని పక్కన పెట్టాడు. ఆ గంటలే అదే ఏడాది జూన్‌లో "ది ఓపెన్ బోట్" కథగా వచ్చాయి.

అనుభవం అదే అయినా, కథలో రెండు సంగతులు కొత్తగా కుదిరాయి. సముద్రం తమ మీద పగబట్టలేదని, దయ చూపడమూ లేదని, తాము ఉన్నామన్న ధ్యాసే దానికి లేదని విలేకరికి అర్థమవుతుంది. రెండవది, ఒకరు తెడ్లు వేస్తుంటే ఇంకొకరు నిద్రపోవడం, గాయపడిన కెప్టెన్ మాటను ఎదురు చెప్పకుండా వినడం వంటి చిన్న పనుల్లో ఆ నలుగురి మధ్య పుట్టిన ఆత్మీయత. దానిని వాళ్లెవరూ పైకి అనరు. చివరకు పడవ తిరగబడినప్పుడు అందరికన్నా బలంగా ఈదుతూ ముందు వెళ్లిన నూనె పనివాడే చనిపోతాడు. కథలో పేరున్నది అతనికొక్కడికే, బిల్లీ. నిజంగా చనిపోయినవాడు విలియం హిగ్గిన్స్. బలవంతుడే బతుకుతాడన్న మాటను నమ్మేవారు ఈ కథను ఒకసారి నిదానంగా చదవాలని నా కోరిక.

ప్రశ్న: 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మా అమ్మమ్మ తాటిచెట్టును పట్టుకొని బతికింది. దాని మీద కథ రాశాను. ఉప్పెనను రాక్షసిగా వర్ణించడం పాతబడిందని మిత్రులు అంటున్నారు. ఏమి చేయమంటారు?
— ఒక యువ రచయిత, అవనిగడ్డ

జవాబు: పాతబడిందని కాదు, అది ఆమె కథను కప్పేస్తున్నదని నేను అంటాను. మీరు పంపిన ప్రతిలో రాక్షసి రెండు పేజీలు గర్జించింది, మీ అమ్మమ్మగారు రెండు వాక్యాల్లో చెట్టెక్కారు. ఆ రెండు వాక్యాలను విప్పండి. డాక్టర్ కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" నవల చదవకపోతే వెంటనే చదవండి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడి కథ అది. అడవి ఎంత భయంకరమైనదో చెప్పడానికి కేశవరెడ్డి గారు విశేషణాల మీద ఆధారపడలేదు. పంది ఏ పొదను ఎంచుకుంటుందో, ఈనిన పంది ఎవరిని దగ్గరకు రానీయదో ఆ ముసలివాడికి తెలిసిన తీరులోనే అడవి మనకు కనిపిస్తుంది.

మీ అమ్మమ్మగారు మీ ఎదుటే ఉన్నారు కనుక ఆమెను ఓపికగా అడగండి. గాలి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు మారింది, నీళ్లు వస్తున్నాయని మొదట ఎవరు చెప్పారు, ఆ మాటను ఎవరు విన్నారు, ఎవరు వినలేదు, అన్ని చెట్లలో ఆ చెట్టునే ఎందుకు ఎంచుకున్నారు, పట్టు జారకుండా చీరకొంగుతో కట్టుకున్నారా, గరుకు మాను ఒరుసుకొని ఎక్కడెక్కడ చర్మం లేచింది, పక్క చెట్టు మీద ఎవరున్నారు, వాళ్లతో ఏమి మాట్లాడారు, దిగాక తాగడానికి మంచినీరు ఎక్కడ దొరికింది. కొన్నిటికి ఆమె జవాబు చెప్పకపోవచ్చు, బలవంతపెట్టవద్దు. ఆమె మౌనంగా ఉండిపోయిన చోట మీరు కూడా కల్పించి నింపకుండా వదిలేయండి. తిరగరాసిన ప్రతిని పంపించండి, తప్పకుండా చదువుతాను.