ఇంగ్లండ్‌లో లిస్టెడ్ బిల్డింగ్ లోపల మార్పులకు అనుమతి అక్కర్లేదా?

కావాలి: ఇంగ్లండ్‌లో భవనం చారిత్రక జాబితాలోకి ఎక్కిందంటే లోపలి భాగానికీ రక్షణ ఉంటుంది, దాని ప్రత్యేకతను దెబ్బతీసే లేదా మార్చే ఏ పనికైనా ముందుగా స్థానిక కౌన్సిల్ దగ్గర ‘లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్’ అనే అనుమతి తీసుకోవాలి.

భవనం విలువ ముఖద్వారంలో మాత్రమే ఉండదు. పాత మెట్లు, గోడలోని నిప్పుగూడు, సున్నపు పూత, గదుల అమరిక, ఇవన్నీ కలిస్తేనే అది చారిత్రక కట్టడం. అందుకే 1990 నాటి చట్టం భవనం మొత్తాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. 1948 జులై 1కి ముందు నుంచే ఆ ఆవరణలో ఉన్న ప్రహరీగోడ లాంటివి కూడా సాధారణంగా దాని కిందికే వస్తాయి.

ఉదాహరణకు, పుచ్చిపోయిన చెక్క కిటికీని అదే కలపతో, అదే పద్ధతిలో బాగుచేస్తే మామూలుగా కన్సెంట్ అడగరు. దాన్ని పీకేసి ప్లాస్టిక్ ఫ్రేమ్ పెడితే మాత్రం తప్పనిసరి. దరఖాస్తుకు ఫీజు లేదు, కాబట్టి అడగకుండా చేయడం తెలివితక్కువ పనే.

జాబితాలోని భవనాలకు మూడు స్థాయులుంటాయి, వాటిలో కిందిది గ్రేడ్ 2. చాలామంది ‘మాది గ్రేడ్ 2 మాత్రమే, ముందుభాగం ముట్టుకోకపోతే చాలు’ అనుకుంటారు. జాబితాలో 90 శాతానికి పైగా గ్రేడ్ 2 భవనాలే, వాటికీ ఇదే చట్టం. అనుమతి లేకుండా మార్చడం నేరం. రెండేళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా పడవచ్చు. పాత యజమాని చేసిన పనికి కొత్త యజమానిపై కేసు పెట్టరు గానీ, సరిచేయమనే నోటీసు మాత్రం ఎన్నేళ్ల తర్వాతైనా అతనికే రావచ్చు.